వేరే సప్లై మీద వెలిగిన దీపాలు

గాజు డబ్బాలో దీపాలు వెలుగుతున్నంతకాలం మోటార్ల మేస్త్రికి దిగులన్నది లేదు.

పొద్దున్నే షట్టరు పైకి తోసి, గోడమీది మెయిన్ స్విచ్ ఎత్తేవాడు. ఎత్తగానే మూలబల్ల మీది కంప్యూటర్ డబ్బాలో దీపాలు గుప్పుమనేవి. ముందు నీలం, తర్వాత ఊదా, ఆ తర్వాత నిప్పులాంటి ఎరుపు, మళ్ళీ నీలం. మేస్త్రి దానివంక ఓ చూపు చూసి, "ఆఁ, లేచింది" అని తనలో తను అనుకుని పనిలో పడేవాడు. నలభై ఏళ్ళ లెక్కలు అందులో ఉన్నాయి మరి. అవి ఉంటే షాపుంది, లేకపోతే లేదు.

లెక్కలంటే డబ్బుల లెక్కలు కావు, చుట్ల లెక్కలు. మోటారు కాలిపోయి వస్తే లోపలి పాత తీగ పీకి కొత్త తీగ చుట్టాలి. ఒక్కో కాయిల్‌కి ఎన్ని చుట్లు, తీగ ఎంత లావు, ఏ గాడిలోంచి తీసి ఏ గాడిలో దించాలి, ఇదంతా పాత తీగ పీకేటప్పుడే లెక్కపెట్టి రాసుకోవాలి. చుట్లు తక్కువేశామా, మోటారు తిరగడం తిరుగుతుంది. తిరుగుతూనే వేడెక్కి, వేడెక్కి, మళ్ళీ కాలి కూర్చుంటుంది. అందుకని షాపుకి ఏ మోటారు వచ్చినా మేస్త్రి పెన్సిల్‌తో నోటు పుస్తకంలోకి ఎక్కించేవాడు. అక్షరాలు ఆయనకి కూడబలుక్కుంటే గాని రావు. అంకెలు మాత్రం ముత్యాల్లా రాస్తాడు. అలా ఏడు పుస్తకాలయ్యాయి. వార్నిష్ మరకలు, గ్రీజు వేలిముద్రలు, మూలలు అరిగిపోయి గుండ్రబడ్డ అట్టలు.

వాటిని కంప్యూటర్లోకి ఎక్కిద్దామన్నది బుల్లోడు. బుల్లోడంటే మేస్త్రి భార్యకి తమ్ముడు. ఇరవై ఏళ్ళ కిందట అక్క ఇంటికొచ్చి, షాపులో పని నేర్చుకుని, అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు వాడికి ముప్ఫై అయిదు. పెళ్ళయింది, ముందు జుట్టు పలచబడింది, అయినా వీధి వీధంతటికీ బుల్లోడే. మోటార్లు విప్పడం, బిగించడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం, గిరాకీలతో మాట్లాడటం అన్నీ వాడివే. చుట్టే మిషను మీద ఒక కౌంటర్ ఉంటుంది, ఎన్ని చుట్లకి ఆగాలో చెప్పేది. అది తిప్పి పెట్టడం ఒక్కటే మేస్త్రి ఎవరికీ వదిలేవాడు కాదు. బుల్లోడు లెక్క చదివి చెబితే, తను మిషను దగ్గరకెళ్ళి, వీపు అడ్డం పెట్టి తిప్పుకునేవాడు.

"అదేంటి బావా, పసిబిడ్డకి పాలిచ్చే తల్లిలాగా అటు తిరిగిపోతావు?" అనేవాడు బుల్లోడు.

"పాత అలవాటులేరా" అనేవాడు మేస్త్రి.

ఏడు పుస్తకాలూ టైపు చేయడానికి రెండేళ్ళు పట్టింది. మధ్యాహ్నం తిండి కాగానే బావా బావమరిది మూలబల్ల దగ్గర మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవాళ్ళు. మేస్త్రి వేలు పెట్టి ఒక్కో అంకే చదివేవాడు, బుల్లోడు టకటకా కొట్టేవాడు. ఆఖరి పేజీ అయిన రోజున మేస్త్రి సంబరం పట్టలేక, మొదటి పుస్తకంలోంచి పర్రున ఓ కాగితం చించి, చేతికంటిన వార్నిష్ తుడుచుకున్నాడు.

"ఇక ఇవెందుకురా! అంతా నీ డబ్బాలో ఉందిగా."

బుల్లోడు నవ్వాడు. వద్దనలేదు. ఆ తర్వాత ఆ పుస్తకాలు ఒక్కోటీ చేతులు తుడుచుకోవడానికే అయిపోయాయి. ఆఖరి అట్ట వార్నిష్ డబ్బా కిందకి వెళ్ళింది.

దీపాల సరదా కూడా బుల్లోడిదే. ఒకరోజు రంగురంగుల లైట్ల పట్టీ చుట్ట ఒకటి పట్టుకొచ్చాడు.

"లెక్కలు దాచుకునే డబ్బాకి ఈ సింగారం ఎందుకురా?"

"రోడ్డు మీద పోయేవాడు ఓసారి ఆగి చూడాలి బావా. మన షాపు చూడు, బొగ్గుల కొట్టులా ఉంది."

పట్టీని గాజు చుట్టూ లోపలివైపు అంటించి, కంప్యూటర్‌కి కరెంటిచ్చే సప్లైకే తగిలించాడు. వెలిగింది. ఇటు మేస్త్రి మోటారు ఒకటి టెస్టు పెట్టాడో లేదో, అటు కంప్యూటర్ టక్కున ఆగి మళ్ళీ మొదట్నించీ లేచింది. మూడుసార్లు అంతే. మేస్త్రికి కంప్యూటర్ తెలీదుగాని కరెంటు తెలుసు.

"దాని సప్లై బొటాబొటీగా ఉందిరా. ఉన్న కాస్త కరెంటుతో అది ఆలోచించుకోవాలా, నీ దీపాలకి పొయ్యాలా? దీపాలకి వేరే సప్లై పెట్టు."

బుల్లోడు ఎక్కడో చచ్చిపోయిన కంప్యూటర్ లోంచి సప్లై డబ్బా ఊడదీసి తెచ్చాడు. ప్లగ్గు పెడితే ఉలకదు పలకదు. "దీన్ని లేపే బోర్డు లేదు కదా బావా. ఈ తీగల గుత్తిలో ఆకుపచ్చ తీగని నల్ల తీగకి తగిలిస్తే బోర్డే లేపిందనుకుంటుంది" అంటూ కాగితాలకి పెట్టే పిన్ను ఒకటి వంచి గుచ్చబోయాడు. మేస్త్రి వాడి చేతిమీద ఒక్కటేశాడు.

"నా షాపులో పిన్నులు గుచ్చి కరెంటు నడుపుతావా? నలుగురూ నవ్వుతారు."

ప్లగ్గు పీకించి, రెండు తీగలూ కత్తిరించి, మెలేసి, టంకం పెట్టి, పైన గొట్టం తొడిగాడు. తర్వాత మీటరు పెట్టి చూశాడు. పసుపు తీగకీ నల్ల తీగకీ మధ్య పన్నెండు వోల్టులు. పట్టీకి కావలసింది అదే. కలిపాడు. సప్లై డబ్బాని బల్ల కింద గాలాడేలా రెండు ఇటుకల మీద కూర్చోబెట్టి, దాని వైరు షాపు మెయిన్ స్విచ్‌కి ఇచ్చేశాడు. మోటారు టెస్టు పెట్టినా కంప్యూటర్ ఈసారి కదల్లేదు.

"ఇక దాని బతుకు దానిది, దీని బతుకు దీనిది" అన్నాడు మేస్త్రి చేతులు దులుపుకుంటూ.

అన్నదీ తనే, మరిచిపోయిందీ తనే. రోజూ చూసే కంటికి దీపాలూ డబ్బా ఒకటైపోయాయి.

ఎండలు ముదిరిన రోజుల్లో ఐస్ ఫ్యాక్టరీ ఆవిడ వ్యాన్‌లో పెద్ద మోటారు ఒకటి దింపించింది. ఆవిడ మాట్లాడితే మిషను నడుస్తున్నట్టే ఉంటుంది, ఆగదు.

"మేస్త్రీ, కొంప మునిగింది. పెద్ద మోటారు పోయింది. లోపల ఐసు దిమ్మలన్నీ నీళ్ళయిపోతున్నాయి."

మేస్త్రి మూత తీసి చూశాడు. లోపల తీగ పోచ లేదు. నోట్లో పళ్ళు లేనట్టు గాడులన్నీ ఖాళీ.

"ఇదెవరు పీకారమ్మా?"

"మా వెల్డరు. మీకు సాయం చేద్దామని పీకి, పాత రాగి కొనేవాడికి ఇచ్చేశాడట."

"సాయమా! లెక్కపెట్టాడా?"

"వాడికి లెక్కలే వస్తే వెల్డింగెందుకు చేస్తాడు? పన్నెండేళ్ళ కిందట దీన్ని చుట్టింది మీరే కదా. మీ దగ్గర ఉంటుందనే కదా తిన్నగా ఇటొచ్చాను."

"ఎందుకుండదు? ఇదిగో, ఇందులో ఉంది" అని మేస్త్రి గాజు డబ్బాని గేదె వీపు తట్టినట్టు తట్టాడు. "సాయంత్రానికి కాయిళ్ళు చుట్టేస్తా. మాట."

బుల్లోడు ఊళ్ళో లేడు. అత్తగారికి ఒంట్లో బాలేదని వెళ్ళి నాలుగు రోజులైంది. మేస్త్రి వాడికి ఫోన్ చేశాడు.

"ఏ మోటారు బావా?"

"ఐస్ ఫ్యాక్టరీది. పెద్దది."

అవతల ఎక్కడో ఇనుము సాన పడుతున్న చప్పుడు.

"జ్వరమొచ్చిన మనిషింట్లో సాన పడతారేంట్రా?"

"పక్కింట్లో ఏదో కడుతున్నారు బావా. నువ్వా డబ్బా ముట్టుకోకు, ఏదైనా చెరిగిపోద్ది. నేనొచ్చి చూస్తా."

"ఎప్పుడొస్తావు?"

"చూడాలి."

చూడాలంటే దిమ్మలు ఆగుతాయా? మేస్త్రి రెండు కొట్లు దాటి జిరాక్స్ అమ్మాయిని పిలుచుకొచ్చాడు. ఆ పిల్ల బల్ల ముందు కూర్చుని మీట నొక్కింది. తెర నల్లగానే ఉంది. మళ్ళీ నొక్కి, వేలు చూసుకుంది.

"బాబాయ్, దీన్ని ముట్టుకుని ఎన్నాళ్ళైంది? వేలికి ఇంత మందాన దుమ్ము."

"రోజూ లేస్తుందే! చూడు, దీపాలు వెలగట్లా?"

"అదే అర్థం కావట్లేదు. లైట్లు జిగేల్‌మంటున్నాయి, ఫ్యాన్ తిరగట్లేదు." మెడ వంచి గాజులోకి చూసింది. "ఈ వెలుగు కళ్ళలో కొడుతోంది, లోపలేముందో కనిపించదు. ఒక్కసారి ఆపండి."

మేస్త్రి డబ్బా వెనకున్న ప్లగ్గు పీకాడు. దీపాలు నీలంలోంచి ఊదాలోకి మారాయి గాని ఆరలేదు. ప్లగ్గు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడు తట్టింది. బల్ల కింద ఇటుకల మీది డబ్బా. ఆకుపచ్చ తీగ, నల్ల తీగ. తన చేత్తో పెట్టిన టంకం.

గోడ దగ్గరికెళ్ళి మెయిన్ స్విచ్ దించాడు. దీపాలు ఆరిపోయాయి. జిరాక్స్ అమ్మాయి ఫోన్ లైటు వేసి గాజుకి ఆనించింది.

"బాబాయ్..." అంది. ఆ పిల్ల ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడుతుంది. ఈసారి గొంతు తగ్గించింది. "ఇందులో ఏమీ లేదు. బోర్డు లేదు, డిస్కు లేదు. నా చెల్లెలి పెన్సిల్ డబ్బాలో ఇంతకంటే సామానుంటుంది."

దొంగలు పడ్డారేమో అంది ఆ పిల్ల. మేస్త్రి డబ్బా వెనక మరలు తడిమి చూశాడు. ఒక్కో మర ఎక్కడిదక్కడ, తీరుబడిగా బిగించి ఉంది. దొంగ మరలు బిగించి పోడు. ఆ చివరి పావు తిప్పు గట్టిగా బిగించే చెయ్యి ఎవరిదో మేస్త్రికి తెలుసు. నేర్పింది తనే.

సరిగ్గా అప్పుడే భార్య క్యారియర్ పట్టుకుని లోపలికొచ్చింది. చీకటిగా ఉన్న డబ్బానీ, పీకి ఉన్న ప్లగ్గునీ, మొగుడి మొహాన్నీ చూసింది. ఏమైందని అడగలేదు. జిరాక్స్ అమ్మాయి కొట్లో ఎవరూ లేరంటూ వెళ్ళిపోయింది.

"నీకు తెలుసా?" అన్నాడు.

ఆమె క్యారియర్ నేలమీద పెట్టింది.

"నిన్నే. తెలుసా?"

"నెలన్నరైంది. బస్సులు ఆగే చోట కొట్టు తీసుకున్నాడు. ఇక్కడ షట్టరు దించాక అక్కడికెళ్ళి పని చేసుకుంటున్నాడు. మీతో చెబుతానని నాలుగుసార్లు బయల్దేరాడు. మీ మొహం చూసి వెనక్కి తిరిగాడు. నా చేత ఒట్టేయించుకున్నాడు."

"మరి ఈ దీపాలు?"

ఆమె పమిట కొంగు వేలికి చుట్టుకుని, విప్పింది.

"లోపలివన్నీ తీస్తూ ఇవీ పీకేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. పొద్దున్నే మీరు దాన్ని చూసుకుని మురిసిపోతారు కదా. వెలుగుతుంటే బావ అటు చూడడులే, ఉండనీరా అన్నాను."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో మేస్త్రి ఆమెమీద చాలాసార్లు కేకలేశాడు. ఆవేళ వంగి క్యారియర్‌ని పక్కకి జరిపాడు, అంతే.

బయట వ్యాన్ హారన్ మోగింది. ఐస్ ఫ్యాక్టరీ ఆవిడ దిగకుండానే తల బయట పెట్టింది. "మేస్త్రీ, ఏమీ అనుకోకండి. మీ బావమరిది ఫోన్ చేశాడు. లెక్క తన దగ్గరుందట, చుట్టడం కూడా మొదలెట్టేశాడట. మోటారు ఎక్కించండి."

"ఎక్కిస్తా" అన్నాడు మేస్త్రి. మోటారుతోపాటు తనూ ఎక్కాడు.

దారిలో ఆవిడ నోరు మొదటిసారి ఆగింది. కొత్త కొట్టు ముందు బ్రేకు వేశాక మాత్రం, "మీ ఇంటి గొడవలు నాకొద్దు. నాకు ఐసు గడ్డకట్టాలి, అంతే" అంది.

కొట్టు మీద కొత్త బోర్డు. దానిమీద బుల్లోడి పూర్తి పేరు ఉంది. మేస్త్రి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఆ పేరు ఒకటుందనే మరిచిపోయాడు. లోపల రంగులేని రేకు డబ్బాలో కంప్యూటర్ చప్పుడు చేస్తోంది. దీపాల్లేవు, గాజు లేదు. అప్పుడే చుట్టిన కాయిళ్ళు నాలుగు మేకుకి వేలాడుతున్నాయి.

బుల్లోడు లేచి నిలబడ్డాడు. "రా బావా. కూర్చో."

"మీ అత్తగారికి ఎలా ఉందిరా?"

బుల్లోడు స్టూలు ఇటు జరిపాడు.

"నేను కాగితాలు చించి చేతులు తుడుచుకుంటుంటే ఎదురుగా నిలబడి నవ్వావు. అప్పటికే అనుకున్నావా?"

"అప్పుడు లేదు బావా. ఒట్టు." గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఆఖరి పుస్తకం చించుతున్నప్పుడు అనుకున్నా" అన్నాడు.

"ఒక్కమాట. ఒక్కమాట అనకూడదట్రా, ఆ ఒక్కటీ ఉంచు బావా అని?"

"అంటే ఏం చేసేవాడివి? నీ బోర్డు మీద నా పేరు రాయించేవాడివా? ఇరవై ఏళ్ళు బావా. కౌంటర్ మీద చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు నన్ను. ముప్ఫై అయిదేళ్ళొచ్చి, నలుగురి ముందూ నీ వీపు చూస్తూ నిలబడ్డాను."

మేస్త్రి వెనక్కి తిరిగి గుమ్మం దాకా వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ మిషను వైపు చూశాడు. కౌంటర్ ఇరవై ఎనిమిది మీద ఉంది.

వెనకనుంచి ఐస్ ఫ్యాక్టరీ ఆవిడ అడుగుతోంది. "ఇది మళ్ళీ కాలితే?"

"కాలదమ్మా. ఇది మా బావ లెక్క. ఆయన లెక్కన చుట్టింది ఇప్పటిదాకా ఒక్కటీ కాలలేదు" అంటున్నాడు బుల్లోడు.

మేస్త్రి ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయాడు. ఇరవై ఎనిమిది చుట్లతో ఆ మోటారు వారం తిరుగుతుంది. మహా అయితే పది రోజులు. కాలిన వాసన ఆ సందు మొత్తం కొడుతుంది. ఆ కొత్త బోర్డు మూన్నాళ్ళ ముచ్చటవుతుంది. తను ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే మెట్టు దిగి ఇంటికి పోతే చాలు.

కానీ ఆవిడ మోటారుకి మాటిచ్చింది తను. పైగా వాడు మా బావ లెక్క అన్నాడు.

"ఇప్పటిదాకా ఇక్కడ ఏం చుట్టావురా?" అన్నాడు తిరక్కుండానే.

"ఫ్యాన్లు. చిన్న పంపులు."

"అందుకే కాలలేదు. మూడొందల చుట్లలో నాలుగు తగ్గినా తేడా తెలీదు." అప్పుడు ఇటు తిరిగాడు. "మా నాన్నకి మేం ఎంతమందిమి పుట్టాంరా?"

"ఇప్పుడదెందుకు బావా?"

"చెప్పు."

"ఆరుగురు."

"కౌంటర్ మీద కలుపు."

బుల్లోడికి వెంటనే అందలేదు. మేస్త్రి నెమ్మదిగా, ఒక్కో మాటా తీసి పెడుతున్నట్టు చెప్పాడు. తనకి పని నేర్పిన పెద్దమేస్త్రి చెప్పిన పద్ధతి అది. పుస్తకంలో అసలు లెక్క రాయకూడదు. నీతో కలిపి మీ ఇంట్లో ఎంతమంది పుట్టారో అన్ని చుట్లు తగ్గించి రాసుకో. చుట్టేటప్పుడు కలుపుకో. పుస్తకం ఎవడైనా ఎత్తుకుపోయినా వాడికి పనికిరాదు.

"ఏడు పుస్తకాల్లోనూ అంతే" అన్నాడు. "ముప్ఫై నాలుగు చుట్టు."

బుల్లోడు రేకు డబ్బా వంకా, మేకుకి వేలాడే కాయిళ్ళ వంకా చూశాడు.

"రెండేళ్ళు" అన్నాడు. "మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని నా చేత తప్పులెక్క కొట్టించావా?"

"పుస్తకంలో ఉన్నదే చదివాను."

"పక్కనే ఉన్నాను కదా బావా. చెవిలో ఒక్క ముక్క వెయ్యలేకపోయావా?"

"వేద్దామనే అనుకున్నా."

"ఎప్పుడు?"

మేస్త్రి బల్ల మీది తీగ ముక్క ఒకటి తీసి వేళ్ళతో సాగదీశాడు.

"నేను దొంగనవుతానని ఇరవై ఏళ్ళు కాచుక్కూర్చున్నావన్నమాట."

"అయ్యావుగా."

"నేనయ్యింది నెలన్నర కిందట. నువ్వు అనుకున్నది నేనొచ్చిన రోజునే."

ఐస్ ఫ్యాక్టరీ ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఇంతకీ నా మోటారు తిరుగుతుందా?"

"తిరుగుతుందమ్మా" అన్నాడు మేస్త్రి.

బుల్లోడు కటింగ్ ప్లయర్ తీసి, చుట్టిన నాలుగు కాయిళ్ళూ టక్ టక్ టక్ టక్ మని తెంపేశాడు. మిషను దగ్గరికెళ్ళి కౌంటర్ ముప్ఫై నాలుగు దాకా తిప్పాడు. తిప్పేటప్పుడు బావకి వీపు అడ్డం పెట్టాడు.

మేస్త్రి నడుచుకుంటూ వెనక్కొచ్చాడు. షాపులో భార్య కుర్చీలో కూర్చునుంది. మెయిన్ స్విచ్ ఎవరెత్తారో, దీపాలు మళ్ళీ వెలుగుతున్నాయి. క్యారియర్ మూత తియ్యలేదు.

మోకాళ్ళ మీద వంగి బల్ల కిందకి దూరాడు. గొట్టం తొడిగిన అతుకుని వేళ్ళతో వెతికి పట్టుకున్నాడు. పదేళ్ళైనా ఊడని టంకం అది, మంచి పని. ప్లయర్ పెట్టి తెంపాడు. ఎరుపు మీద ఉన్న దీపాలు ఎరుపు మీదే పోయాయి. సప్లై డబ్బాలో చిన్న ఫ్యాను కాసేపు తిరిగి తిరిగి ఆగింది. నల్లబడ్డ గాజులో భార్య కూర్చున్న కుర్చీ, ఆమె చేతులు కనిపించాయి.

వారం తర్వాత ఒక చిన్న పంపు మోటారు వచ్చింది. మేస్త్రి జిరాక్స్ అమ్మాయి దగ్గర కొత్త నోటు పుస్తకం తెచ్చాడు. పాత తీగ పీకి, చుట్లు పెదవుల మీదే లెక్కపెట్టుకున్నాడు. పెన్సిల్ నాలుకకి తడి చేసి, మొదటి పేజీ మీద ఒక అంకె వేశాడు. అది అసలు లెక్క కాదు. తగ్గించింది ఆరూ కాదు.

భార్య టీ గ్లాసు పక్కన పెట్టి, ఎప్పటిలాగే అడిగింది.

"ఎన్నొచ్చాయి?"

మేస్త్రి అరచెయ్యి తీసి ఆ పేజీ మీద పెట్టాడు. ఆమె ఆ చేతి వంక చూసి, వెళ్ళిపోయింది.